లారీకి పరస్థానం

"యువరాణీ, బ్యాగు ఎదురింట్లో పెట్టేసి వచ్చినావా లేదా? ఏడున్నరకి రాహుకాలం పట్టేస్తాది!"

సోమవారం పొద్దున గోవిందమ్మ ఈ కేక వెయ్యకపోతే తిరుత్తణిలో ఆ వీధికి తెల్లవారినట్టే కాదు. పొయ్యి ముందు ఇడ్లీ రేకుల్లో పిండి పోస్తున్న కోడలు యువరాణి గరిటె పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, ఆఫీసుకి పట్టుకెళ్ళే నల్ల బ్యాగు తీసుకుని వీధి దాటి, ఎదురింటి అరుగు మీద పెట్టి పరుగున వెనక్కి వచ్చింది. చదువుకున్నవాళ్ళు దీన్ని ప్రస్థానం అంటారు, ఈ పక్క పరస్థానం అంటారు. మంచి ఘడియలో మనిషి బయల్దేరడం కుదరకపోతే, ఆ మనిషి వస్తువునొకదాన్ని ముందుగా గడప దాటించి ఇంకొకరింట్లో పెడతారు. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టు లెక్క. తర్వాత రాహుకాలంలో మనిషి నిదానంగా బయల్దేరినా రాహువు ఏమీ అనడు. ఆయనకి బ్యాగు కనిపిస్తే చాలు కాబోలు.

బ్యాగు వెళ్ళిపోయింది సరే, యువరాణి ఎక్కడికి వెళ్ళింది? మళ్ళీ పొయ్యి దగ్గరికే. ఇడ్లీలు దించాలి, చట్నీకి తాలింపు పెట్టాలి, అత్తగారి మాత్రలు తీసి గిన్నెలో వెయ్యాలి, నిన్నటి బట్టలు మడతపెట్టాలి, సింకులో గిన్నెలు కడిగి బోర్లించాలి. తండ్రి ఎంత ఆశపడి పెట్టాడో ఆ పేరు, పట్టాభిషేకం మాత్రం వంటింట్లోనే జరిగింది. మొగుడు శశికుమార్ ఆవడిలో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పని చేస్తాడు. ఆరున్నర రైలుకే క్యారియర్ ఊపుకుంటూ వెళ్ళిపోతాడు కాబట్టి ఏ వారమూ రాహువు ఆయన జోలికి రాడు. ఎదురింటావిడ అరుగు మీది బ్యాగు చూసి, "అప్పుడే ఎళ్ళిపోయినాదా మీ కోడలు?" అని అడిగింది. "ఎళ్ళిపోయినాది," అంది గోవిందమ్మ. వెళ్ళిపోయిన కోడలు లోపల మోచేతుల దాకా సబ్బు నురగతో నిలబడి ఆ మాట విన్నది. ఆ రోజు ఎందుకో నవ్వొచ్చింది.

ఎనిమిది గంటల రైలు పట్టుకుని, తిరువళ్ళూరులో దిగి, షేర్ ఆటోలో కాక్కలూరు ఎస్టేటుకి చేరేసరికి తొమ్మిదిన్నర. అక్కడ కార్ల తలుపుల చుట్టూ బిగించే రబ్బరు పట్టీలు చేసే కంపెనీ. బీకామ్ చదివిన యువరాణి ఆరేళ్ళుగా అక్కడ కాంట్రాక్టు మీద డేటా ఎంట్రీ చేస్తోంది. రోజుకి ఆరు లారీలు, ఎనిమిదికి మొదలై రెండు గంటలకొకటి చొప్పున, తామరైపాక్కం మీదుగా కవరైపేట్టై పక్కనున్న పెద్ద కార్ల కంపెనీకి పోతాయి. లారీ గేటు దాటిన టైము సెక్యూరిటీ తిరుమలయ్య చీటీ మీద రాసి పంపిస్తాడు, ఈమె దాన్ని కంప్యూటర్లో ఎక్కిస్తుంది. అంతే ఉద్యోగం. చేరిన కొత్తలో ఒకసారి, "సార్, ఈ నంబర్లేందో తేడాగా ఉండాయి," అని డిస్పాచ్ ఇన్‌ఛార్జి దండపాణితో అన్నది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "చూసింది చూసినట్టు ఎక్కించు మ్మా. ఆలోచించే వేలై మాది," అన్నాడు. వేలై అంటే పని. ఆలోచించే పని ఆయనది, వేళ్ళ పని ఈమెది. ఇంటికెళ్ళి ఆ మాట చెప్పుకుంటే శశికుమార్, "ఆయన అనింది కరెక్టే కదా. ఏసీలో కూసుని టైపు కొట్టేదానికి నీకీ బుర్ర నొప్పులెందుకు?" అన్నాడు. అప్పట్నుంచి ఆమె ఆలోచించడం మానలేదు గానీ బయటికి చెప్పడం మానేసింది.

ఈ నాలుగు నెలలుగా కంపెనీకి ఒకటే తలనొప్పి. ఇక్కడి లెక్క ప్రకారం నూటికి తొంభై ఎనిమిది లారీలు టైముకి బయల్దేరుతున్నాయి. అక్కడి లెక్క ప్రకారం నూటికి డెబ్భై ఎనిమిదే టైముకి చేరుతున్నాయి. మధ్యలో ఉన్నది రోడ్డే కాబట్టి పాపం రోడ్డు దోషి అయింది. బెంగుళూరు నుంచి ఇద్దరు కన్సల్టెంట్లు వచ్చి, మూడు వారాలు కంప్యూటర్ ముందు కూర్చుని, తామరైపాక్కం దారిలో రద్దీ ఎక్కువనీ, లారీల వాళ్ళని మార్చమనీ రంగురంగుల రిపోర్టు ఇచ్చిపోయారు. కార్ల కంపెనీ వాళ్ళు మాత్రం రోడ్డు సంగతి మాకనవసరం అన్నారు. వచ్చే వారం శుక్రవారం స్వయంగా వస్తామనీ, ఆ రోజు సరైన జవాబు చెప్పకపోతే సగం ఆర్డరు వేరే వాళ్ళకిస్తామనీ మెయిల్ పెట్టారు. ఆర్డరు సగమైతే ప్యాకింగ్ హాల్లో ఆడవాళ్ళూ సగమవుతారు.

ఆ మెయిల్‌తో పాటు వాళ్ళ దగ్గరికి ఏ లారీ ఎన్నింటికి చేరిందో రాసిన పట్టిక కూడా వచ్చింది. దండపాణి దాన్ని యువరాణికి పడేసి, "మన ఫార్మాట్‌లో మార్చి పెట్టు," అన్నాడు. వేళ్ళ పనే. కానీ ఆరేళ్ళలో మొదటిసారి బయల్దేరిన టైమూ చేరిన టైమూ ఒకే తెర మీద పక్కపక్కన వచ్చి కూర్చున్నాయి. అంతవరకూ పెళ్ళికొడుకు ఫోటో ఒక ఊళ్ళో, పెళ్ళికూతురు ఫోటో ఇంకో ఊళ్ళో ఉన్నట్టుండేవి.

భోజనం డబ్బా మూత తీసి, తినడం మర్చిపోయి చూస్తూ కూర్చుంది. ఆలస్యమైన లారీలన్నిటికీ ఎర్ర రంగు వేసింది. చిత్రం! అన్నిటికంటే ఆలస్యంగా చేరిన లారీలే అన్నిటికంటే ముందుగా బయల్దేరాయి. ఎనిమిదింటికి పోవాల్సింది ఏడూ ఇరవైకే గేటు దాటింది, కానీ గంట ఆలస్యంగా చేరింది. నాలుగింటికి పోవాల్సింది మూడుకి పది నిమిషాల ముందే దాటింది, అదీ ఆలస్యమే. ముందు బయల్దేరినవాడు వెనక చేరడమేమిటి? దారిలో నిద్రపోతున్నారా? యువరాణి డబ్బా పక్కకి తోసింది. వారాల వారీగా విడదీసింది. సోమవారం ఎనిమిది గంటల లారీ. మంగళవారం నాలుగు గంటలది. బుధవారం పన్నెండుది. గురువారం రెండుది. శనివారం పదిది. రోజుకొక లారీ, రోజుకొక టైము, వారం తర్వాత వారం అదే వరస, తప్పితే ఒట్టు. ఆ ఎర్ర లారీ వెనకాల పోయేది కూడా అప్పుడప్పుడు ఆలస్యం. శుక్రవారం మాత్రం ఒక్క ఎర్రచుక్క లేదు. శుక్రవారం డ్రైవర్లు శ్రద్ధగా ఉంటారని కన్సల్టెంట్లు రాశారు. సోమవారం లేని శ్రద్ధ శుక్రవారం ఎక్కణ్ణించి ఊడిపడుతుంది?

ఆ వరస ఆమెకి తెలుసు. ఎక్కడో చూసింది, రోజూ చూస్తుంది, నోటికి వచ్చినట్టే ఉంది, రావడం లేదు. తల తిప్పితే గోడ మీద రోజుకొక కాగితం చించే క్యాలెండర్. మురుగన్ బొమ్మ కింద, తేదీ కింద, చిన్న అక్షరాలతో రాహుకాలం: ఏడున్నర నుంచి తొమ్మిది. యువరాణి లేచి నిలబడింది. రేపటి కాగితం ఎత్తి చూసింది, మంగళవారం, మూడు నుంచి నాలుగున్నర. బుధవారం పన్నెండు నుంచి ఒకటిన్నర. గురువారం ఒకటిన్నర నుంచి మూడు. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు. పదింటి లారీ అప్పటికే పోయి ఉంటుంది, పన్నెండింటిది రాహుకాలం దిగాక పోతుంది, మధ్యలో లారీయే లేదు. అందుకే ఎర్రచుక్క లేదు! అబ్బ! అరవాలనిపించింది. అరిచేందుకు పక్కన ఎవరూ లేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత, పొద్దున ఎదురింటి అరుగు మీద తను పెట్టి వచ్చిన బ్యాగు గుర్తొచ్చింది. గేటు దాటింది లారీ కాదు, పరస్థానం. ఇన్ని నెలలుగా ఆమె కంప్యూటర్లో ఎక్కిస్తున్నది బ్యాగు వెళ్ళిన టైము. మనిషి ఇంకా గిన్నెల దగ్గరే ఉంది.

ఆ మధ్యాహ్నం ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు. ప్రేమలో పడ్డవాళ్ళ గురించి అలా చెబుతారు గానీ, బుర్ర పని చేస్తున్నప్పుడు కూడా ఒంట్లో ఇంత వేడి పుడుతుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. పెళ్ళిచూపుల్లో వంట వచ్చా, కుట్టు వచ్చా అని అడిగారు. నీకేమైనా కనిపెట్టడం వచ్చా అని అడిగినవాళ్ళు లేరు. అడిగి ఉంటే అప్పుడు ఆమె కూడా రాదనే చెప్పి ఉండేది. ఇంటికి వెళ్ళే రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఒక్కతే నవ్వుకుంటుంటే ఎదురుగా ఉన్న పూలమ్మే ఆమె అనుమానంగా చూసింది.

కానీ కాగితం మీద కనిపించింది కళ్ళతో చూడాలి కదా. మర్నాడు మంగళవారం, మూడుకి పావుగంట ముందు, టీ తాగే వంకతో గేటు దాటి రోడ్డు మీదికి వెళ్ళింది. ఆమె కుర్చీలోంచి చూస్తే గోడ తప్ప రోడ్డు కనిపించదు. సరిగ్గా మూడుకి పది నిమిషాలుందనగా నాలుగు గంటల లారీ సగం సరుకుతో, టార్పాలిన్ కట్టకుండా, గేటు దాటి వచ్చింది. ముందు చక్రం కింద నిమ్మకాయ చితికింది. డ్రైవర్ కళ్ళకద్దుకుని, యాభై అడుగులు పోయి, టీ బంకు పక్కన ఆపి దిగాడు. తిరుమలయ్య చీటీ మీద టైము రాసి మడిచాడు. ఆ తర్వాత మిగిలిన సగం పెట్టెల్ని లోడింగ్ వాళ్ళు తోపుడు బండ్ల మీద గేట్లోంచి రోడ్డు దాకా మోయడం మొదలుపెట్టారు. లోపల అయితే ఫోర్క్‌లిఫ్ట్‌తో పది నిమిషాల పని. ఇక్కడ గంటన్నర పట్టింది.

"ఏంది తాతా ఇది?" అంది యువరాణి.

తిరుమలయ్యకి అరవై దాటాయి, నోట్లో నువ్వుగింజ నానదు. "పరస్థానం పాపా. నీకు తెలీదా? మంచి టైంలో చక్రం గడప దాటిస్తే సాలు, ఇంక రాహువు ఏమీ చెయ్యడు. అయిదు నెలల ముందర సోమవారం ఎనిమిది గంటల లారీ తామరైపాక్కం మలుపు కాడ పల్టీ కొట్టె కదా. డ్రైవర్‌కి కాలు పోయినాది. అప్పట్నించి రాహుకాలంలో బండి తీయమంటే ఒక్కడూ తీయడు. ఆ టైంకి ముందర లోపల లోడు ముగిసేది లేదు. ఇంకేం చేస్తారు? దండపాణి అయ్యే ఈ దారి చెప్పినాడు."

"మరి చీటీలో?"

"గేటు దాటిన టైం రాయమన్నాడు. రాసినాను. అబద్ధం రాయలే పాపా, గేటు దాటిందా లేదా?"

దాటింది. అబద్ధం ఎవరూ చెప్పలేదు. ఎదురింటావిడతో గోవిందమ్మ చెప్పినదాంట్లో అబద్ధం ఉందా? కన్సల్టెంట్లు గేటు చూడలేదా అని అడిగితే, "చూసినారు పాపా, టీ కూడా తాగినారు. గేటు కాడికి వచ్చింది ఒక్క శుక్రవారం," అన్నాడు తిరుమలయ్య. యువరాణి ఈసారి ఆపుకోలేక గట్టిగానే నవ్వేసింది.

ఇక్కడితో ఆగితే కథ చాడీల కథ అయ్యేది. కానీ ఆమెకి తప్పు ఎవరిదో తేల్చడం కంటే ముడి ఎలా విప్పాలా అన్నదే తహతహగా ఉంది. రాహుకాలం పిచ్చి నమ్మకం, మానెయ్యండి అని చెప్పడం తేలిక. కాలు పోయింది చెప్పేవాళ్ళది కాదు. డ్రైవర్ల భయం డ్రైవర్లకి ఉండనీ. లోడు ఎందుకు ముగియడం లేదు? అది చూడాలి. ప్యాకింగ్ హాల్లోకి వెళ్ళి చూస్తే అక్కడ పెట్టెలు పార్ట్ నంబర్ల వరసన కడుతున్నారు. ఒకటో నంబరు పట్టీలన్నీ అయ్యాక రెండో నంబరు, ఆ తర్వాత మూడోది. ఏ లారీకైనా అన్ని నంబర్లూ కావాలి, కాబట్టి చివరి నంబరు కట్టేదాకా ఏ లారీ నిండదు. యువరాణికి తన వంటిల్లు కళ్ళ ముందు మెదిలింది. ఇంట్లో మొగుడికీ, తనకీ, మధ్యాహ్నానికి అత్తగారికీ మూడు క్యారియర్లు కడుతుంది. ముందు అందరి ఇడ్లీలూ, తర్వాత అందరి చట్నీలూ, తర్వాత అందరి నీళ్ళసీసాలూ అని కట్టుకుంటూ కూర్చుంటే శశికుమార్ ఆరున్నర రైలు ఎప్పుడో పోయేది. ముందు పోయేవాడి క్యారియర్ ముందు కట్టాలి. ఇది తెలుసుకోవడానికి బెంగుళూరు పోనక్కర్లేదు.

హాలు పెద్ద అలిమేలమ్మకి ఆ మాటే చెప్పింది. "అక్కా, రేపు బుధవారం. పన్నెండు గంటల లారీవి ఏమేమి కావాలో చీటీ ఇస్తాను. అవి ముందు కట్టించు. పదకొండుంబావుకి లోడు నిండిపోవల్ల."

"నంబరు వరసన కట్టమని రూలు కదమ్మా?"

"ఆ రూలు రాసినోళ్ళు ఎప్పుడైనా క్యారియర్ కట్టినారా అక్కా?"

అలిమేలమ్మ ముందు నవ్వి, తర్వాత ఆలోచించి, "సరి, సూద్దాం పో," అంది. తిరుమలయ్యకి ఒక నోటుబుక్కు ఇచ్చి, గేటు దాటిన టైము ఎప్పటిలా చీటీలో రాయమనీ, టార్పాలిన్ తాడు ముడి వేసి లారీ నిజంగా కదిలిన టైము ఈ బుక్కులో రాయమనీ చెప్పింది. ఆ బుధవారం పన్నెండు గంటల లారీ పదకొండుముక్కాలుకి నిండు లోడుతో, బిగించిన తాళ్ళతో, నిమ్మకాయ తొక్కుకుంటూ గేటు దాటి, టీ బంకు దగ్గర ఆగకుండా సాగిపోయింది. కిటికీలోంచి వినిపించిన ఆ హారన్ మోత ఆమెకి బాజాలా అనిపించింది. గురువారం రెండు గంటలదీ అంతే. శనివారం, సోమవారం, మంగళవారం, మళ్ళీ బుధవారం. గేటు చీటీలు ఎప్పటిలాగే ఉండేసరికి దండపాణి అటువైపు తొంగిచూడలేదు. ఒక్కో రోజు కార్ల కంపెనీ నుంచి చేరిన టైము రాగానే ఆమె దాని ఎదురుగా పచ్చరంగు వేసేది. వారం తిరిగేసరికి తెర నిండా పచ్చదనమే. ఆ ఏడు రోజులూ యువరాణి ఇంట్లో ఎన్ని గిన్నెలు కడిగిందో ఆమెకే గుర్తు లేదు. చేతులు కడుగుతుంటే మనసు లారీ వెనకాల పరిగెత్తేది.

ఆ రెండో బుధవారం సాయంత్రం దండపాణికి అంతా చెప్పింది. తెర మీద చూపించింది. ఆయన మొహం ముందు పాలిపోయి, తర్వాత మెల్లగా వెలిగింది. "సూపర్ మ్మా! ఫైలు నాకు మెయిల్ పెట్టేయ్. శుక్రవారం మేనేజర్ ముందర నేను చెప్పేస్తాను."

"నేనే చెప్తాను సార్."

"నీకెందుకు మ్మా టెన్షన్? కస్టమర్ ముందర ఇంగ్లీషులో మాట్లాడల్ల. అదీ కాక నీకు శుక్రవారం లీవ్ కదా, తిరుత్తణి మురుగన్‌కి ఆడికృత్తిక పండగ. నేనే సంతకం పెట్టినాను." ఆయన చెయ్యి ఊపాడు. "కంపెనీ యాడికీ పోదు. సామి ముఖ్యం."

గురువారం ఆయన తయారుచేసిన స్లైడ్లు టైపు చెయ్యమని ఆమెకే వచ్చాయి. చివరి స్లైడు మీద రెండు లైన్లు. సమస్య కారణం: గేటు సెక్యూరిటీ తప్పుడు టైము నమోదు. కనిపెట్టినది: డిస్పాచ్ ఇన్‌ఛార్జి. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అక్కడితో ఆగినా సరిపోను. నింద కూడా ఇంకొకడి నెత్తిన రుద్దాడు. శుక్రవారం తను ఆ గదిలో లేకపోతే తిరుమలయ్య ఉద్యోగం పోతుంది. ఆయన చేసిన తప్పల్లా చెప్పినట్టు రాయడమే. యువరాణి ఆ స్లైడు టైపు చేసింది. చూసింది చూసినట్టు ఎక్కించింది. ఆ తర్వాత గేటు దగ్గరికి వెళ్ళి తిరుమలయ్య నోటుబుక్కు అడిగి తీసుకుంది.

ఇంటికి వచ్చేసరికి గోవిందమ్మ వరండాలో కూర్చుని రేపటి సంగతి చెప్పడం మొదలుపెట్టింది. కొడుకు కావడి ఎత్తే మొక్కు, ఇరవై రెండు మంది చుట్టాలు, అందరికీ భోజనం, పొద్దున అయిదుకే పొయ్యి వెలగాలి. వింటూ వింటూ యువరాణి అలవాటు కొద్దీ ఒక తెల్లకాగితం తీసి గీతలు గీసింది. పని, టైము, ఎవరు. పప్పు నానబెట్టడం దగ్గర్నుంచి విస్తళ్ళు ఎత్తడం దాకా ముప్పై ఒక్క పనులు తేలాయి. ఎవరు అన్నచోట మొదటి వరసలో తన పేరు రాసింది. రెండో వరస నుంచి పేరు రాయడానికి విసుగేసి, పైదే అని రెండు చిన్న గీతలు పెట్టింది. ముప్పైసార్లు పెట్టింది. పెట్టడం అయ్యాక కాగితం దూరంగా పట్టుకుని చూసింది. ఆఫీసులో ఇలాంటి పట్టిక ఎదురైతే ఆమె ఒక్క నిమిషంలో ఎర్ర రంగు వేసేది. పనంతా ఒకే మనిషి చేతి మీదుగా పోతోంది, ఆ మనిషి పక్కకి జరిగితే అంతా ఆగుతుంది, ఇది నడిచే పద్ధతి కాదు. ఆరేళ్ళుగా ఎవరికీ కనిపించలేదు, ఆమెతో సహా.

శశికుమార్ స్నానం చేసి వచ్చి టీవీ ముందు కూర్చున్నాడు. యువరాణి కాగితం ఆయన ఒళ్ళో పెట్టింది.

"ఏందిది?"

"రేపటి పని. ఎవరు అన్న కాడ చూడు మామా."

చూశాడు. పై నుంచి కింది దాకా ఆ చిన్న గీతలు చూసి, "అయితే? నాకు కావడి ఉంది కదా," అన్నాడు.

"కావడి పన్నెండుకి. పొయ్యి అయిదుకి. నేను రేపు ఆఫీసుకి పోవల్ల. లీవ్ వద్దనుకున్నాను."

"ఏం, ఒక్కరోజు నువ్వు లేకపోతే కంపెనీ మూతపడతాదా?"

"కంపెనీ మూతపడదు. నేను కనిపెట్టింది ఇంకొకడు చెప్పుకుంటాడు. తప్పు చెయ్యని పెద్దాయన ఇంటికి పోతాడు." ఆమె ఈ పది రోజుల కథంతా చెప్పింది. పరస్థానం దగ్గర ఆయన టీవీ సౌండు తగ్గించాడు. క్యారియర్ల దగ్గర పూర్తిగా ఆపేశాడు. స్టోర్స్‌లో పని చేసేవాడికి ఆ మాటలు అర్థం కాకుండా ఉంటాయా? "నువ్వా కనిపెట్టింది?" అన్నాడు చివరికి. ఆ గొంతులో ఎగతాళి లేదు. ఉన్న ఆశ్చర్యమే ఆమెని ఎక్కువ బాధపెట్టింది.

"నేనే. ఇప్పుడిది చూడు." కాగితం వెనక్కి తిప్పి కొత్తగా రాసింది. తొమ్మిది పనులు తనవి, రాత్రే నానబెట్టి, తరిగి, పొద్దున సాంబారు దించి పోతుంది. ఎనిమిది పనులు పొద్దున్నే అరక్కోణం నుంచి వచ్చే ఆడపడుచువి. పద్నాలుగు ఆయనవి.

"నాకు లీవ్ ఇస్తారా?"

"అడిగి చూడు మామా. నాకు ఆరేండ్లుగా ఇస్తానే ఉండారు."

వాకిట్లోంచి గోవిందమ్మ, "మగోడు లీవ్ పెట్టి వంట చేస్తే చుట్టాలేమనుకుంటారు?" అంది.

"తిన్నాక అనుకుంటారులే అత్తా," అంది యువరాణి, కూరగాయల సంచీ ముందుకు లాక్కుంటూ. శశికుమార్ ఆ పద్నాలుగూ ఇంకోసారి చదివాడు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

శుక్రవారం తెల్లవారుతూనే తిరుత్తణి పసుపు రంగులోకి మారిపోయింది. స్టేషన్లో ఆగిన ప్రతి రైల్లోంచీ పసుపు బట్టల జనం, పూల కావళ్ళు, అరోహరా అంటూ కేకలు. ఆ ప్రవాహానికి ఎదురీదుతూ ఒకే ఒక మనిషి, నీలం చీర కట్టుకుని, ల్యాప్‌టాప్ లేదు కాబట్టి పెన్ డ్రైవూ తిరుమలయ్య నోటుబుక్కూ బ్యాగులో పెట్టుకుని, ఖాళీగా వెళ్తున్న రైలెక్కింది. ఇంట్లోంచి వచ్చేటప్పుడు శశికుమార్ ఫోను పట్టుకుని వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఎవరికి చేస్తున్నాడో, ఏమని చెబుతున్నాడో అడగలేదు. అడిగితే కాలు కదలదని ఆమెకి తెలుసు. ఇరవై రెండు మంది ఆకలితో కూర్చుంటే? అత్తగారు ఏడిస్తే? అయినా రైలు దిగబుద్ధి కాలేదు. పరీక్షలో వచ్చిన ప్రశ్నలన్నీ చదివినవే అయితే ఎలా ఉంటుందో అలా ఉంది.

తిరువళ్ళూరు వస్తుండగా ఫోను మోగింది. శశికుమార్ మెసేజ్. *యాలకులు యాడుండాయి?*

యువరాణి ఆ రెండు ముక్కల్నీ నాలుగుసార్లు చదివింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన రాసిన వాటిల్లో ఇంత అందమైన మాట లేదు. పై అరలో, ఆకుపచ్చ డబ్బాలో అని టైపు చేసి, చెరిపేసి, *వెతుకు మామా* అని పంపించింది.

మీటింగ్ పదింటికి, పండగ రద్దీకి ఆమె రైలు గంట ఆలస్యం. ఆమె తలుపు తోసేసరికి కార్ల కంపెనీ వాళ్ళు ముగ్గురు ఒక పక్క, ఫ్యాక్టరీ మేనేజర్ సుదర్శనం ఇంకో పక్క కూర్చుని ఉన్నారు. తెర ముందు దండపాణి నిలబడి, చేతిలో రిమోట్‌తో, చివరి స్లైడు మీదికి వచ్చేశాడు. తెర మీద పెద్ద అక్షరాలతో గేటు సెక్యూరిటీ తప్పు. మూలన గోడకి ఆనుకుని, టోపీ చేతిలో పట్టుకుని, ఎందుకు పిలిచారో ఇంకా అర్థంకాని తిరుమలయ్య. అందరూ తలలు తిప్పి తలుపు వైపు చూశారు.

"ఏమ్మా, నువ్వు ఈరోజు లీవ్ కదా?" అన్నాడు సుదర్శనం.

యువరాణి తిన్నగా తెర దాకా నడిచి, దండపాణి చేతిలోంచి రిమోట్ తీసుకుంది.

"ఈసారి లీవ్ మా ఆయన పెట్టినాడు సార్," అంది. "ఇది కనిపెట్టింది నేను. మొదట్నించి చెప్తాను, ఆ పెద్దాయనకి కూడా ఒక కుర్చీ వెయ్యమనండి."